ఎస్తేరు మేడమ్ మిగిల్చిన ఫొటోలు

నిన్న ఆఫీసులో కొత్త హార్డ్‌డిస్క్ అట్టపెట్టె విప్పగానే వచ్చిన ప్లాస్టిక్ వాసనకు ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు. డిలీట్ నొక్కబోతున్న నా చేతిని ఆమె పట్టుకుని ఆపిన రోజు కూడా గదిలో ఇదే వాసన.

"ఏంది బిడ్డా, గట్ల ఊడ్చేస్తున్నవ్?"

"పాతవే గద మేడమ్. జాగా లేదంటున్నరు."

"పాతయన్నీ తీసేసుడైతే మొదలు నన్నే తీసెయ్యాలె" అని నవ్వారు.

సైదాబాద్‌లోని మా పత్రిక కార్యాలయంలో ఫొటో లైబ్రరీ ఆమె చేతిలో ఉండేది. రీళ్ల కాలంలో ఫొటోగ్రాఫర్లు ఆచితూచి తీసేవారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఒక్క సభకే మూడు వందలు తెచ్చి పోసేవారు. డిస్కులు నిండాయి, ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న చోటూ నిండింది. అద్దె ఏటా పెరిగేది. చెడిన డిస్కుల ఖర్చు, వాటిని చూసుకునే మనిషి జీతం వేరు. చివరికి యాజమాన్యం తేల్చి చెప్పింది: నెల రోజుల్లోగా సగం చోటు ఖాళీ చేయండి, లేదంటే ఐదేళ్లు దాటినవన్నీ ఒకేసారి తీసేస్తాం. రీళ్ల కాలం నుంచి స్కాన్ చేసి దాచిన పాతబస్తీ మనుషుల ముఖాలన్నీ ఆ పాతవాటిలోనే ఉన్నాయి.

మేడమ్ ఒక పద్ధతి పెట్టారు. తాము తీసిన ఫొటోల్లో ఏది ఉండాలో ఎవరికి వారు చెప్పకూడదు, పక్కవారు చెప్పాలి. ఫొటోగ్రాఫర్ సత్తన్న లొల్లి పెట్టాడు.

"ఒక్కోటి ఒక్కో యాంగిల్ మేడమ్!"

"యాంగిల్ మారితే మంత్రి మొఖం మారుతదా సత్తన్నా?"

మంత్రివి నాలుగు మిగిలాయి. అందరితో పాటు నేనూ నవ్వాను, నా వంతు వచ్చేదాకా. విలేకరిగా నేను తెచ్చినవన్నీ 'ఇతరాలు' అనే ఫోల్డర్‌లో పడేసేవాణ్ని. మేడమ్ అది తెరిచారు. ఒక ఫొటోలో గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో బంతిపూల గంపల వెనక పదిమంది ఆడవాళ్లు. మేడమ్ ఒకామె మీద వేలు పెట్టారు.

"ఈమె ఎవరు?"

తెలియదన్నాను.

"పేరు రాయకపోతే రేపు ఎవరికి దొరుకుతది బిడ్డా? దొరకనిదానికి గూడ కిరాయి కడుతున్నం మనం."

మర్నాడు ప్రింట్లు పట్టుకుని మార్కెట్‌కు వెళ్లాను. ఒకామె తన ఫొటో చూసి, "మస్తు సన్నగుంటి గప్పుడు!" అని పక్క దుకాణాలన్నిటికీ తిప్పి చూపించింది. ఏడుగురి పేర్లు దొరికాయి. నెల తిరిగేసరికి సగానికి పైగా చోటు ఖాళీ అయింది. పాత ముఖాలు నిలిచాయి.

మేడమ్ రిటైరై చాలాకాలమైంది. ఫొటో పంపేముందు అందులోని మనిషి పేరు అడగడం మాత్రం నాకు అలవాటుగా ఉండిపోయింది. ఇప్పుడు కొత్త విలేకరులూ అడుగుతున్నారు. పేరుతో వెతికితే ఫొటోలు నిమిషంలో దొరుకుతున్నాయి. వచ్చే ఏడాది అద్దె మళ్లీ పెంచుతున్నట్టు ఇంటర్నెట్‌లో చోటిచ్చే కంపెనీ కబురు పంపింది. ఈసారి ఎంత చోటు ఉంచుతారో యాజమాన్యం ఇంకా చెప్పలేదు.