ఒక్క జత అద్దాలు

ఆ సాయంత్రం మా ఆయన ఎడమకన్ను మూసుకుని ఇంటికొచ్చాడు. బహదూర్‌పురాలో ఇనుప రేకులు కోసే షెడ్డులో ఆయన పని. ఉలి దెబ్బకు ఎగిరిన తునక కంట్లో దిగింది. అంతకుముందు పడిన నలుసులన్నీ నేనే కొంగు కొసతో తీసేదాన్ని. ఇది కదల్లేదు. మర్నాడు దవాఖానలో డాక్టరు తీసి, "నల్లగుడ్డుకు వెంట్రుకవాసిలో తప్పింది. అద్దాలు లేకుండా ఆ పని చేస్తే, ఈసారి నా దగ్గరికి వచ్చి లాభం లేదు" అన్నాడు. ఆ మాట మా ఆయన చెవికెక్కిందో లేదో గానీ నాకు మాత్రం అన్నం సయించలేదు.

ఆయనను నమ్ముకుంటే అయ్యే పని కాదని, మా అత్తను వెంటబెట్టుకుని నేనే చార్మినార్ దగ్గరి దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు ముందు నల్లవి చూపించాడు. "చలువద్దాలమ్మా. ఎంత వేడి పనైనా కండ్లు సల్లగుంటయి," అన్నాడు. అత్తకు అవే నచ్చాయి. కంటికి చేటు చేసేది వేడేనని ఆమె నమ్మకం. నేను పెట్టుకుని దుకాణం వెనక గదిలోకి వెళ్ళి నా చేతులు చూసుకున్నాను. వేళ్ళు ఎక్కడున్నాయో సరిగా తెలియలేదు. షెడ్డులో వెలుతురు అంతంతమాత్రమే. కన్ను దక్కి చెయ్యి పోతే? తర్వాత రాళ్ళు కొట్టేవాళ్ళ తీగజాలి అద్దాలు తీశాడు. సందులో సూది గుచ్చి చూశాను, దూరింది. పక్కన పెట్టేశాను. చివరికి మందపాటి తెల్లద్దం, చుట్టూ తోలు కుట్టినవి తీశాడు. వేలితో తట్టాను, గోటితో గీకాను. ఇవి పగిలితే ముక్కలు ఎటు పోతాయని అడిగాను.

"గంత ఫికరుంటే మీ ఇంటాయనను పూలమ్ముకోమను," అన్నాడతను. యుద్ధం మూలాన విలాయతు నుంచి సరుకు రావడం లేదట, అలాంటిది అదొక్కటే మిగిలిందట. తీసుకున్నాను.

"పెండ్లికొడుకు లెక్క తయారు చేస్తున్నవు గదనే," అని మా ఆయన నవ్వాడు గానీ పట్టుకెళ్ళాడు. రోజూ సాయంత్రం తుడుద్దామని వాటిని చేతిలోకి తీసుకునేదాన్ని. తుడవడానికేమీ ఉండేది కాదు. చొక్కా నిండా ఇనుప పొడి, తోలు మీద మాత్రం మరక లేదు. ఒకరోజు అన్నం గిన్నె ఇచ్చే నెపంతో షెడ్డుకు వెళ్ళాను.

అద్దాలు గోడమేకుకు వేలాడుతున్నాయి. రేకు మీద ఉలి నిలబెట్టి పట్టుకున్నది ఆయనకంటే పెద్దవాడైన జతగాడు, మా ఆయన భాయ్ అని పిలుచుకునే మనిషి. సమ్మెట వేసేది మా ఆయన. ఉలి పట్టినవాడి మొహం దాని మీదికే వంగి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అవి గోడకెందుకున్నయి?" అన్నాను.

"భాయ్ కండ్లు ఉత్తగుంటే నేనెట్ల పెట్టుకుంట? ముందుగాల తునక తగిలేది ఆయనకే. పెట్టుకోమంటే ఇనడు," అన్నాడు మా ఆయన.

"నీ ఇంటాయన కోసం తెచ్చినవి నేనెట్ల ముట్టుకుంట చెల్లె? తహజీబ్ ఉండాలె గద," అన్నాడు భాయ్.

ఇద్దరి మర్యాదా కలిసి మేకుకు వేలాడుతోందన్నమాట. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయేలోగా సమ్మెట పడింది. తునకొకటి భాయ్ చెవి పక్కనుంచి పోయి తలుపుచెక్కలో నాటుకుంది. ఇద్దరూ తలైనా తిప్పలేదు.

అద్దాలు తీసుకుని భాయ్ ముందు నిలబడ్డాను. "అన్నా, చెల్లె ఇస్తున్నది. వద్దంటే నా మీద ఒట్టే."

భాయ్ మా ఆయన వైపు చూశాడు. టోపీ సర్దుకుని అద్దాలు పెట్టుకున్నాడు.

మా ఆయన మొహం తేటపడింది. "ఇగ నువ్వు ఇంటికి పో," అన్నాడు. అలాంటి జత ఇంకొకటి దొరకదని నాకు తెలుసు. ఆయన సమ్మెట పైకెత్తాడు. తునక తీసిన కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను.