రెండు కార్బ్యురేటర్ల గాలి చప్పుడు

మా బావగారి దగ్గర ఒక పాత ఇంగ్లీషు కారు ఉండేది. పైకప్పు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సుల కోసం జనం మెట్ల మీద కూడా నిలబడుతున్న రోజులవి. ఆయన అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. సెలవు దొరికితే మాత్రం పంజాగుట్టలో తమ అపార్టుమెంటు కింద ఆ కారు మీద వంగి కనిపించేవారు. దాని ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బ్యురేటర్ల మీద ఏ మెకానిక్కునూ చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

ఆ ఎండాకాలం కారు మొరాయించింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను వణికిపోయేది. కదలబోతే దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిపోయేది. పంజాగుట్ట చౌరస్తాలో వెనక బస్సులన్నీ హారన్లు కొడుతుంటే, పక్క సీట్లో మా అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేదట.

"ఈ ఆదివారానికి దారికి రాకపోతే ఇచ్చేస్తానయ్యా. మన చేతికి లొంగని బండిని పెట్టుకుని ఏం చేస్తాం" అన్నారు నాతో. కొంటానంటున్నది ఆయన పాత శిష్యుడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అడుగుతున్నాడు. బావగారు ఆ మాట మామూలుగానే అన్నారు కానీ, చేతిలోని స్పానరు వదలలేదు. ఆయనకు ఆ కారంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాకు ఇంజన్లు తెలియవు. సనత్‌నగర్‌లో షెడ్లు కట్టే కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేట్లు వేస్తాను. అది కూడా చదివి నేర్చుకున్నది కాదు, టేపు పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్నది. లెక్కలో తేడా వస్తే ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం నాకు అలవాటు. అందుకే పిలిచారు.

ఆ వారమంతా పొద్దున్నే ఆఫీసుకు పోయే ముందు వెళ్లేవాణ్ణి. పెట్రోలు ఫిల్టరు మార్చాం. కారు తీరు మారలేదు. పెట్రోలు నిలిచే గిన్నెలు విప్పి మడ్డి కడిగాం. మారలేదు. అతుకుల దగ్గర నీళ్లు చిలకరించి ఎక్కడైనా గాలి లాగుతోందేమో చూశాం. ఎక్కడా లాగడం లేదు. ప్రతి పనికీ చివర బావగారు రెండు కార్బ్యురేటర్లనూ సమం చేసేవారు. వెంటనే ఇంజను మళ్లీ వణికేది.

"సార్, గీ బండి నడిచిందానికన్న మీరు దానికి సేవ చేసిందే మస్తుంది" అన్నాడు వాచ్‌మన్, మెట్లు తుడుస్తూ.

"నీ లిఫ్టు నడుస్తోందా మరి?" అన్నారు బావగారు.

"అది సుత మీలెక్కనే సార్, ఎవరి మాట వినది."

సమం చేయడం ఎలాగంటే, ఆ ఇంజనుకు కార్బ్యురేటర్లు రెండు, ముందొకటి, వెనకొకటి. రెండూ ఒకే మోతాదులో గాలి పీల్చాలి. ఆయన ఒక రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస కార్బ్యురేటరు నోటి దగ్గర, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని ఆ బుస వినేవారు. తక్కువగా వినిపించిన దాని స్క్రూ తిప్పి పెంచేవారు. దీనికి మీటర్లు దొరుకుతాయని నేనంటే నవ్వేవారు.

శుక్రవారం పొద్దున ఆయన వెనకదాని స్క్రూ మళ్లీ తిప్పుతుంటే అడిగాను. "ఎప్పుడూ వెనకదే ఎందుకు తగ్గుతోంది బావగారూ?"

"అదే కదయ్యా రోగం. లోపల ఏదో అరిగింది."

"నన్నొకసారి విననివ్వండి."

"ఏం వింటావు? అది సిమెంటు బస్తా కాదు లెక్కపెట్టడానికి" అంటూనే గొట్టం ఇచ్చారు. విన్నాను. వెనకది గట్టిగా బుసకొడుతోంది. ముందుది అందులో సగం కూడా లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన చిరాకుపడి గొట్టం లాక్కుని మళ్లీ విన్నారు. అప్పుడు చూశాను. ఆయన కారుకు ఎడమ పక్క నిలబడి వంగేవారు. ముందుది ఎడమచేతి వైపు ఉంటుంది కాబట్టి గొట్టం ఎడమ చెవికి పెట్టుకునేవారు. వెనకదానికి గొట్టం చెయ్యి మారి కుడి చెవికి వెళ్లేది. ఏళ్ల తరబడి అలవాటైన కదలిక అది.

మా పనిలో ఒక షెడ్డును మొదటి నుంచి చివరి దాకా ఒకే టేపుతో కొలుస్తాం. రెండో టేపు వాడితే ముందు దాన్ని మొదటిదాని పక్కన పరిచి చూడాలి.

"బావగారూ, రెండూ ఎడమ చెవితోనే వినండి."

విన్నారు. తర్వాత గొట్టం వెనకదాని దగ్గరే ఉంచి, ఎడమ చెవికీ కుడి చెవికీ మార్చి మార్చి పెట్టుకున్నారు. ఇంజను ఊగుతూనే ఉంది. చాలాసేపటికి తాళం తిప్పి ఆపేశారు.

"క్లాసులో కుడి పక్క పిల్లలు ఈమధ్య ప్రశ్నలు అడగడం మానేశారనుకున్నాను" అన్నారు.

మర్నాడు నేనే లక్డీకాపూల్‌లో ఒక చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కుడి చెవి నరం దెబ్బతిందని, పోయిన వినికిడి తిరిగి రావడం కష్టమని చెప్పాడు. ఆటోలో వస్తుండగా బావగారు ఒక్క మాటే అన్నారు. "అక్కకి ఇప్పుడే చెప్పకు. సెంటర్లో తెలిస్తే ఊరుకోరు."

ఆదివారం ఎడమ చెవితో మాత్రమే విని, కాసేపట్లో రెండు కార్బ్యురేటర్లనూ సమం చేశారు. ఇంజను ఎక్కడా తొణక్కుండా తిరిగింది. బోనెట్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు కదల్లేదు. ఇక శిష్యుణ్ణి వెనక్కి పంపేస్తారనే అనుకున్నాను. అతను వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "సార్, మంచిగనే ఉంది గదా. నిజంగ ఇస్తున్నరా?" అన్నాడు.

"తీసుకో. చలికాలంలో స్టార్ట్ చేశాక జర ఆగి కదులు" అని తాళం ఇచ్చారు.

కారు గేటు దాటాక నేను అడిగాను. "బాగైంది కదా బావగారూ, ఎందుకు?"

"డ్రైవరు సీటు కుడి పక్కనే కదయ్యా. ఆ పక్క నుంచి వచ్చే బస్సు నాకు వినపడదు. ఇన్నాళ్లూ పక్కన మీ అక్కని కూర్చోబెట్టుకుని తిప్పాను."

అక్క ఆయనకు ఎడమ పక్క కూర్చునేది. ఆమె మాటలన్నీ వినిపించేవి. అందుకే ఇద్దరికీ అనుమానం రాలేదేమో.

పైకి వెళ్లాం. ఆయన కిటికీ పక్క కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. అక్క కాఫీలు తెచ్చింది. "బాగు చేసింది నువ్వేనట. బాగైన దాన్ని ఎందుకు ఇచ్చేశార్రా?" అంది నాతో, గొంతు తగ్గించి.

"ఆయన్నే అడుగక్కా."

ఆమె ఆయన కుర్చీకి కుడి పక్కగా వెళ్లి, అదే గొంతుతో అడిగింది. ఆయన పేపరు పేజీ తిప్పారు. ఇంకోసారి అడిగింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది.