మిరపకళ్లంలో ఊపిరి

నాకు ఈత నేర్పింది మా నాన్న, మార్టూరు దగ్గర తవ్వకం ఆగిపోయిన ఒక క్వారీ గుంటలో. పదిహేనో ఏట జిల్లా ఈతపోటీలో గెలిచాక, ఏడు వేల అడుగుల ఎత్తున్న కొండ ఊళ్లో జరిగే పోటీకి నన్ను ఎంపిక చేశారు. మా ఊళ్లో ఎత్తైనదంటే వాటర్ ట్యాంకే.

"అక్కడ గాలి పల్చగా ఉంటుందండి, ఊపిరి చాలదు. అమ్మాయికి ముందే అలవాటు చేయండి," అని కోచ్ గారు ఫోన్లో చెప్పారు. ఎలా చెయ్యాలో చెప్పేలోపే లైను పోయింది. మిగతాది నాన్న సొంతంగా పూరించాడు.

"మిరపకళ్లంలో ఊపిరి తీసినోళ్లు ఎక్కడైనా తీస్తారమ్మా."

ఇక చూడండి నా పాట్లు. పొద్దున్నే క్వారీలో ఈత, ఎండెక్కాక కాయలు ఆరబోసిన కళ్లం చుట్టూ పరుగు. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకునేవాళ్లు. నాకు ఆ గుడ్డ కూడా లేదు, కడితే సాధన చెడుతుందట! మూడో రౌండుకే గొంతు పట్టేసి, దగ్గుతో వంగిపోయేదాన్ని. నాన్న ఎదురుగా నిలబడి, తాపీగా వక్క నములుతూ రౌండ్లు లెక్కపెట్టేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఘాటులో బతికినవాడు, ఒక్క తుమ్మైనా తుమ్మడు. నాకు ఒళ్లు మండిపోయేది.

వద్దని చెబుదామంటే, దారిలో ఎవరు ఎదురైనా "ఏమ్మా, కప్పు తెస్తన్నావా?" అనేవాళ్లు. నాన్న ఊరంతా చెప్పుకున్నాడు మరి. మింగలేక కక్కలేక తలూపేదాన్ని. గుంటలో నీటి కింద మాత్రం ఘాటు ఉండేది కాదు. పైకి తేలితే చుట్టూ నిలువునా కోసిన రాతిగోడలు, ఎక్కడానికి ఒకటే దారి, ఆ దారి పైన నాన్న.

పోటీనాడు ఆ కొండ ఊళ్లో, రెండో ల్యాపులోనే ఛాతీ పట్టేసింది. గోడ పట్టుకుని ఆగిపోయాను. సిగ్గేసింది. కానీ ఇక కళ్లంలో పరిగెత్తే పనిలేదన్న సంతోషం అంతకంటే ఎక్కువగా ఉంది.

బట్టలు మార్చుకుని గ్యాలరీ పైకెళ్లి కూర్చున్నాను. నాన్న నన్ను వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చాడు. తిడతాడనుకున్నాను. పై మెట్టు మీదే కూలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని నోరు తెరిచాడు.

"ఊపిరి ఆడట్లేదమ్మా," అన్నాడు భయంగా.

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"నాకు కళ్లంలో రోజూ ఇట్టాగే ఉండేది నాన్నా."

నాన్న నా మొహంలోకి చూశాడు. "మరి చెప్పలేదేమే?"

నెలన్నరపాటు ఎదురుగా నిలబడి నా దగ్గు విన్న మనిషి అడిగాడు ఆ మాట. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ముందు ఆయన ఊపిరి కుదుటపడనీ అని ఆగాను.