ఓడలకు పూసిన సింధూరం

మా మామ్మకు సన్మానం చేయించాలని బయలుదేరింది నేనే. నన్నెవరూ అడగలేదు, ఆమె అసలే అడగలేదు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిందని ఊరూరా ముసలివాళ్ళను వెతికి పట్టుకుని శాలువాలు కప్పుతున్న ఏడాది అది. జగ్గయ్యపేటలో మేముండే వీధిలోనే ఇద్దరికి కప్పారు. అందులో ఒకాయన ఉద్యమంలో ఏం చేశాడో ఆయన భార్యకు కూడా తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మూడేళ్ళు ఓడల మీద పనిచేసిన మనిషి మా వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉంటే, ఆమె సంగతి ఊళ్ళో ఒక్కరికీ పట్టలేదు.

మామ్మ మా నాన్నకు మేనత్త. వీరులపాడు దగ్గర పల్లెలో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి చేస్తే, విశాఖపట్నం రేవులో ఖలాసీగా ఉన్న మొగుడితో వెళ్ళింది. యుద్ధం వచ్చాక రేవులో మరమ్మతుకొచ్చే పడవలూ ఓడలూ ఎక్కువైపోయాయి, మగవాళ్ళు చాలలేదు. ఖలాసీల ఆడవాళ్ళను కూడా పనిలోకి తీసుకున్నారు. ఇనప రేకుల మీద తుప్పు గోకడం, గోకిన చోట ఎర్రరంగు పుయ్యడం వాళ్ళ పని. తర్వాత ఆమెకు పిల్లలు నిలవలేదని మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె పుట్టింటికొచ్చి, తల్లి లేని మా నాన్నను పెంచింది. మా చుట్టాల్లో సీమంతాలకు ఆమెను పిలిచేవాళ్ళు కాదు. పిలవకపోయినా అప్పాలు వండడానికి మాత్రం కబురొచ్చేది.

సన్మానాల కమిటీ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"ఆ ఓడలు ఎవరివండీ?" అన్నాడు.

"ఇంగ్లీషు వాళ్ళవే."

"మరి ఇంగ్లీషు వాళ్ళ ఓడలకి రంగులేసినావిడకి స్వాతంత్ర్య సన్మానం ఏంటి టీచరుగారూ? జనం నవ్వరూ?"

"రైళ్ళు కూడా ఇంగ్లీషు వాళ్ళవే కదండీ. మీ నాన్నగారు ఆ రైల్వేలోనే కదా చేసి రిటైరయ్యారు?" అన్నాను.

ఆయన టీ ఇప్పించి పంపించేశాడు. ఆ కోపంతోనే మర్నాడు నందిగామ బస్సెక్కాను. నేను అక్కడ ఆడపిల్లల బడిలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పేదాన్ని. మా హెడ్మిస్ట్రెస్ గారు మంచి మనిషి. "మనమే చేద్దాం. ఆడవాళ్ళు ఓడలు బాగుచేశారంటే మన పిల్లలు నమ్మరు కూడా. ఆవిడ నోటితోనే చెప్పిద్దాం" అన్నారు. రెండు వారాల తర్వాత ఒక శనివారం ఖాయం చేశారు. పరిచయ వాక్యాలు నన్నే రాయమన్నారు.

ఆ ఆదివారం భోజనాలయ్యాక కాగితాలు ముందేసుకుని మామ్మ పక్కన కూర్చున్నాను. అంతకుముందెప్పుడూ ఆమె ఆ రోజుల గురించి రెండు ముక్కలకు మించి మాట్లాడలేదు. నేనూ ఏనాడూ కూర్చుని అడిగింది లేదు. ఆ రోజు అడిగితే గంటసేపు చెప్పింది.

రంగు పొడి రేకు డబ్బాల్లో వచ్చేదట. దాన్ని అవిసె నూనె పోసి చేతులతోనే కలిపేవాళ్ళట. "అచ్చం ఆంజనేయస్వామి సింధూరమేనే. అదే రంగు, అదే బరువు" అంది. అప్పటికి విశాఖ మీద జపాను వాళ్ళ బాంబులు పడ్డాయి. ఊరొదిలి పారిపోయినవాళ్ళు తిరిగొచ్చి పనిలో చేరారు కానీ, సైరను మోగితే చాలు, చీరలు తడుపుకునేవాళ్ళు. అప్పుడు మామ్మకే తట్టిందట. "స్వామి సముద్రం దాటినవాడు. ఆయన సింధూరం మన చేతుల్లోనే ఉంటే ఇంక భయమెందుకూ అన్నా. అందరికీ నచ్చింది."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే, నూనె పొయ్యకముందు, డబ్బా మూత తీసి అందరికీ మామ్మే పెట్టేది. నుదుట బొట్టు, గొంతు మీద ఒక వేలి రాత, నాలిక మీద చిటికెడు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చేతులు కడుక్కునేవాళ్ళు కాదు. కడిగితే స్వామి సింధూరం మురిక్కాలవలో కలుస్తుంది, పదిమంది తొక్కుతారు, పాపం. కొంగుకు తుడుచుకుని తినేవాళ్ళు. మామ్మ వాళ్ళ పక్క గదిలో విజయనగరం నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది, అదీ పనికొచ్చేది. పదిహేడేళ్ళుంటాయేమో, కడుపుతో ఉంది. మామ్మ దగ్గరే చనువు దానికి. దానికి మాత్రం రెండు చిటికెలు. రెండోది కడుపులో ఉన్నవాడికట.

ఆ తర్వాత అందరికీ కడుపులో మెలిపెట్టే నొప్పులు మొదలయ్యాయి. రేవు నీళ్ళు పడలేదనుకున్నారు. విజయనగరం పిల్లకు ఏడో నెలలో చనిపోయిన బిడ్డ పుట్టింది. నాలుగు నెలలకు దానికే ఫిట్స్ వచ్చాయి, మూడు రోజుల్లో పోయింది. మామ్మకు నాలుగు కడుపులు పోయాయి.

"ఎందుకలా అయిందో నాకు తెలుసులే" అంది మామ్మ. గొంతు బాగా తగ్గించింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. "నెలసరి రోజుల్లో కూడా ఆ సింధూరం ముట్టుకున్నా. చెప్తే పనిలోకి రానివ్వరని దాచా. ఆ చేత్తోనే అందరికీ పెట్టా. స్వామి ఊరుకుంటాడా? నా పాపం నాతో పోతే బాగుండేది, దానికీ తగిలింది."

మామ్మ ఆంజనేయస్వామి గుడి గడప తొక్కదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మోకాళ్ళ నొప్పులని సరిపెట్టుకునేవాళ్ళం. ఇంట్లో అందరిలోకీ ఎక్కువ నడిచేది ఆమేనని ఎవరికీ తోచలేదు.

నేను రాయడం ఆపేశాను. ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే ఆ ఎర్రపొడి సీసంతో చేసేదని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని నేను. పోనీ వాళ్ళు పొరబడ్డారా అంటే అదీ లేదు, అంగళ్ళలో సింధూరమని అమ్మేది కూడా చాలా చోట్ల ఆ పొడే. సోమవారం బడి అయ్యాక నందిగామలో తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అంతా విని, "ఇన్నేళ్ళ తర్వాత రుజువు చెయ్యలేం. కానీ కడుపు నొప్పి, కాన్పులు పోవడం, ఫిట్స్, మీరు చెప్పినవన్నీ సీసం చేసే పనులేనండి" అంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సాయంత్రం జగ్గయ్యపేట బస్సులో నాకు సంతోషం పట్టశక్యం కాలేదు. యాభై ఏళ్ళుగా ఆమె మోస్తున్న పాపాన్ని ఒక్క మాటతో దించేస్తానన్న గర్వం. ముందు సిమెంటు లారీలు అడ్డం వస్తుంటే డ్రైవరును మనసులో తిట్టుకున్నాను. ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆమె ముందు కూర్చుని చెప్పేశాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆ పొడి ఏమిటి, ఒంట్లోకి ఎలా పోతుంది, ఏం చేస్తుంది.

"విషమా?" అంది.

"విషమే మామ్మా. నీ నెలసరికీ దానికీ సంబంధం లేదు."

"అయితే స్వామికి నా మీద కోపం లేదన్నమాట."

"లేనే లేదు."

ఆమె ముఖం విచ్చుకోవడం చూశాను. ఉన్నది ఎంతసేపు? నేను చెంబుతో మంచినీళ్ళు తాగి దించేంతసేపు. తర్వాత తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

"మరి రోజూ ఆ పిల్ల నోట్లో పెట్టింది ఈ చెయ్యే కదే?"

నేను ఏవేవో చెప్పాను. నీకు తెలియదు కదా అన్నాను. తెలిసిన దొరలు చెప్పలేదు, పాపం వాళ్ళదన్నాను. ఆమె వినలేదు. "స్వామి చంపాడనుకున్నన్నాళ్ళూ ఓర్చుకున్నానే" అంది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు.

సన్మానం మానేద్దామని నేనే అన్నాను. "లేదు, వస్తా. మైకు ఉంటుందన్నావుగా" అంది. ఎందుకలా అందో నాకు అర్థం కాలేదు. శనివారం ఇస్త్రీ చీర కట్టించి బస్సులో ముందు సీటులో కూర్చోబెట్టి నందిగామ తీసుకెళ్ళాను.

బడి ఆవరణలో షామియానా వేశారు. పిల్లలందరూ కింద వరసల్లో కూర్చున్నారు. ముందురోజు వాళ్ళకు రిహార్సల్ చేయించింది నేనే. మామ్మగారు మెల్లగా మాట్లాడతారు, ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టాలి, ఆమె చిన్నబుచ్చుకోకూడదు అని మరీమరీ చెప్పాను. బొట్టు పెట్టడానికి ఒక పిల్ల కుంకుమ పళ్ళెంతో వస్తే మామ్మ తల వెనక్కి తీసేసుకుంది. మొగుడు ఎప్పుడో పోయాడు కదా, అందుకని అనుకుని హెడ్మిస్ట్రెస్ గారు పళ్ళెం పక్కన పెట్టించారు. శాలువా కప్పారు. నేను రాసుకొచ్చినది చదివాను. దేశం కోసం, శ్రమ, ధైర్యం, ఇలాంటి మాటలన్నీ ఉన్నాయి అందులో. తర్వాత మైకు ఆమెకు ఇచ్చాను.

"నేను గొప్ప పనేం చెయ్యలేదమ్మా" అంది. "నాతో ఒక పిల్ల ఉండేది. కడుపుతో ఉండేది. దానికి రోజూ పొద్దున్నే నా చేత్తో విషం పెట్టా. మంచి జరుగుద్దని పెట్టా. అది చచ్చిపోయింది. దాని కోసం ఏడ్చినవాళ్ళు కూడా లేరు. మీరన్నా వినండి. దాని పేరు..."

కళ్ళొత్తుకోవడానికి ఆగింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. గట్టిగా, చాలాసేపు, నేను నేర్పినట్టే కొట్టారు. సరిగా వినపడని టీచర్లు కూడా కొట్టారు. మామ్మ మైకు పట్టుకుని అలాగే నిలబడింది. చప్పట్లు ఆగేలోపే ఎవరో వచ్చి మైకు మెల్లగా అందుకుని, తర్వాత అంశం ఏడో తరగతి పిల్లల నృత్యమని చెప్పారు. నేను ఆమెకు ఐదడుగుల దూరంలో ఉన్నాను. లేచి ఆపించి ఉండవచ్చు. లేవలేదు. హెడ్మిస్ట్రెస్ గారు ఏమనుకుంటారో, కార్యక్రమం పాడవుతుందేమో అని చూశాను. ఆ పిరికితనం తలుచుకుంటే ఈనాటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి నేనే, "ఇప్పుడైనా గుడికి వెళ్దామా మామ్మా, స్వామికి నీ మీద కోపం లేదుగా" అన్నాను. "ఇప్పుడాయనతో నాకు పనేముందే?" అంది. అదివరకు గుడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు దూరం నుంచే చెంపలు వేసుకునేది. అదీ మానేసింది. నేను తీసేసింది పాపాన్ని కాదు, దేవుణ్ణని అప్పుడు తెలిసింది.

ఇంకో ఐదారేళ్ళు బతికింది. చివర్లో కింద పడి తుంటి ఎముక విరిగితే జగ్గయ్యపేటలోనే ఆస్పత్రిలో పెట్టాం. మనుషుల్ని గుర్తుపట్టేది, రోజులు మాత్రం కలిపేసేది. ఒక మధ్యాహ్నం నేను బత్తాయి ఒలుస్తుంటే, నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు మైకులో దాని పేరు చెప్పానా?"

"చెప్పావు మామ్మా" అన్నాను.

"అందరూ విన్నారా?"

"విన్నారు. పిల్లలందరూ విన్నారు."

"పోన్లే" అని కళ్ళు మూసుకుంది.

ఆమె ఎప్పుడూ విజయనగరం పిల్ల అనే అనేది. ఆ పేరేమిటో నాకు తెలియదు. అప్పుడడిగితే నా అబద్ధం బయటపడుతుంది. అడగలేదు.