నాయిన వీపు మీద నాకు దొరికిన ఊపిరి

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, నా చిన్నతనమంతా వానాకాలమంటే భయంతోనే గడిచింది. మబ్బు పట్టిందంటే చాలు, నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి, పడుకుంటే ఊపిరాడేది కాదు, గోడకు ఆనుకుని కూర్చుని నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకునేదాన్ని, మా అమ్మ నా వీపు నిమురుతూ ఏడ్చేది. మాది కారేపల్లి దగ్గర ఊరే అయినా, మా నాయిన బొగ్గు గనిలో పనికి కుదిరాడు గనుక మణుగూరులో క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాకు కట్టని తాయెత్తు లేదు, మింగించని పసరు లేదు! అమ్మ మాత్రం ఒక మాట పదేపదే చెప్పేది: "ఎవ్వలకు చెప్పకు బిడ్డా, క్షయ అనుకుంటరు, నీ పక్కన గూడ కూసోరు."

ఆ భయంతోనే ఖమ్మంలో డిగ్రీకి వచ్చాను. హాస్టల్లో దగ్గు వస్తే దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని, ఆటలకు రమ్మంటే కాలు నొప్పి అనేదాన్ని, తోటి అమ్మాయిలు నాకు పొగరనుకున్నారు. ప్రార్థనలో మాత్రం, "ప్రభువా, ఈ రోగం లోకంలో నా ఒక్కదానికే ఎందుకు పెట్టావయ్యా?" అని అడుగుతూనే ఉండేదాన్ని.

ఆయన జవాబు ఎలా పంపాడో వినండి! అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా కాలేజీకి ఒక డాక్టరమ్మ వచ్చింది. వేరు వేరు దేశాల్లో చదువుకునే పిల్లలను ఉబ్బసం గురించి, ఒంటికి పడని వాటి గురించి, పొగతాగే అలవాటు గురించి ఒకే రకం ప్రశ్నలు అడిగి, ఎక్కడ ఎలా ఉందో పోల్చి చూస్తున్నారట, మా క్లాసును కూడా అడుగుతారట. ఆమె ఒక్కొక్క ప్రశ్నా తెలుగులో చదివి వినిపిస్తూ, "మీ ఛాతీలో ఎప్పుడైనా పిల్లికూతలు వచ్చాయా?" అనేసరికి నేను తలెత్తి ఆమెనే చూశాను. నేను దుప్పటి కింద దాచుకున్న చప్పుడుకు పేరు పెట్టి పదిమందిలో అడుగుతోంది!

అందరూ వెళ్ళిపోయాక వరండాలో ఆమె దగ్గరికి పోయాను.

"మేడం, ఇది వేరే దేశాల పిల్లలకు గూడ ఉంటదా?"

"ఎందుకుండదమ్మా? చలి దేశాల్లో ఉంది, ఎండ దేశాల్లో ఉంది. కొందరికి పుప్పొడి పడదు, కొందరికి దుమ్ము పడదు. ఇది శాపం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది గూడ కాదు. నీకుందా?"

అవునన్నట్టు తల ఊపాను. పరాయి మనిషి ముందు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆమె నన్ను కూర్చోబెట్టి పరీక్ష చేసింది, నోట్లోకి మందు కొట్టుకునే పంపు రాసిచ్చి, ఎలా పీల్చాలో నేర్పింది. ఆ తర్వాత అడిగింది: "కొన్ని దేశాల్లో ఆడపిల్లలు గూడ సిగరెట్లు తాగుతరు. ఇక్కడ మీరంతా తాగం అని చెప్పిన్రు, సంతోషం. మరి మీ ఇంట్ల ఎవరన్నా తాగుతరా?"

"మా నాయిన బీడీలు తాగుతడు మేడం."

"అయితే ఆ పొగ నీ లోపలికి గూడ పోతున్నట్టే గద తల్లీ!"

పంపు వాడితే విశ్వాసం లేనట్టేనని కొందరు అన్నారు గాని, మా పాస్టరమ్మ నవ్వి, "ఆ డాక్టరమ్మను పంపింది ఎవరనుకున్నవ్? వాడుకో బిడ్డా" అంది. వాడాను, హాయిగా నిద్రపోయాను, దేవునికే మహిమ!

సెలవుల్లో ఇంటికి పోయి నాయినకు సంగతి చెప్పాను. మా నాయిన ఏనాడూ నా మీద చెయ్యెత్తిన మనిషి కాదు. అప్పటికి విశ్వాసి కాదు గాని, మమ్మల్ని మందిరం గేటు దాకా దింపి బయటే కూర్చునేవాడు. గని నుంచి వచ్చాక ఒక బీడీ, అదే ఆయన విశ్రాంతి. "నేను బయటనే గద బిడ్డా తాగేది" అన్నాడు.

నేను ఇంటి దగ్గరుండగానే ఆ ఏడు గోదావరి పొంగింది, రోడ్ల మీదికి నీళ్ళొచ్చాయి, బస్సులు ఆగిపోయాయి. నా పంపులో మందు అయిపోయింది, షాపులో దొరకలేదు. ఒక మధ్యాహ్నం ముసురులో ఆయాసం వచ్చింది, ఎన్నడూ రానంతగా వచ్చింది. బయట బీడీ తాగుతున్న నాయిన ఉరికొచ్చి నన్ను ఛాతీకి హత్తుకున్నాడు. ఆ చొక్కా వాసనకు ఆడుతున్న కాస్త ఊపిరి కూడా బిగుసుకుపోయింది, రెండు చేతులతో నాయినను తోసేశాను!

ఆయన తన చొక్కా వైపు చూసుకున్నాడు. "నా వాసననా బిడ్డా?" అన్నాడు. కాదని చెప్పడానికి నాకు గాలి లేదు.

వెంటనే చొక్కా విప్పి బయటికి విసిరేశాడు, చేతులూ నోరూ కడుక్కొచ్చి నా ముందు వీపు వంచి, "ఎక్కు" అన్నాడు. వాగు రోడ్డు మీద పారుతోంది, జీపు రాదు. ఆ వానలో ఒట్టి వీపు మీద నన్ను మోస్తూ, మోకాళ్ళ లోతు నీళ్ళలో దవాఖానా వైపు నడిచాడు, వెనక అమ్మ నా మీద ప్లాస్టిక్ పట్టా కప్పి పట్టుకుని వచ్చింది. అప్పుడు విన్నాను సహోదరులారా, మా నాయిన మొదటి ప్రార్థన!

"యేసయ్యా, నిన్నెట్ల పిలవాల్నో నాకు తెల్వదు. నా పెండ్లాం మొక్కే దేవుడివి నువ్వు. నా పిల్లకు గాలియ్యి. ఏమన్న అడిగేదుంటే నన్నడుగు, దాన్ని ఇడిసిపెట్టు."

దవాఖానాలో నర్సమ్మ మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టింది. మెల్లమెల్లగా బిగువు సడలింది, గాలి లోపలికి దిగింది, హల్లెలూయా! కళ్ళు తెరిచి చూస్తే నాయిన గుమ్మం బయటే తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు, లోపలికి రావడానికి భయపడుతున్నాడు. "ఇప్పుడు రావచ్చునా బిడ్డా?" అని అడిగాడు. నేను రెండు చేతులూ చాచాను.

బీడీ ఒక్కరోజులో పోలేదు, అబద్ధం చెప్పను. చేతులు వణికేవి, ఊరికే కోపమొచ్చేది, గనిలో స్నేహితుడు చనిపోయినప్పుడు మళ్ళీ ముట్టించాడు, ఆ రోజు ఇంట్లోకి రాకుండా బయటే కూర్చుని ఏడ్చాడు. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. అలా పడుతూ లేస్తూ, చివరికి ప్రభువు ఆ అలవాటును వేళ్ళతో సహా పెరికేశాడు. భద్రాచలం దగ్గర గోదావరిలో మా నాయిన బాప్తిస్మం తీసుకున్నాడు.

నేనిప్పుడు బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాను, గట్టిగా పాటలు పాడిస్తున్నాను! పంపు నా సంచిలోనే ఉంది, దానికి నేనేమీ సిగ్గుపడను. ఈ సంగతి సంఘంలో చెప్పనా అని నిన్న నాయినను అడిగితే, "చెప్పు బిడ్డా, ఎవల పిల్లకన్న పనికొస్తది" అన్నాడు.

మీలో రోగాన్ని దాచుకుని కుమిలిపోతున్నవాళ్ళుంటే ఇక దాచకండి, డాక్టరుకు చెప్పండి, దేవునికి చెప్పండి. అలవాటు వదలలేక ఓడిపోతున్న నాయినలుంటే, ఎలా పిలవాలో తెలియకపోయినా సరే, ఆయనను పిలవండి. మా నాయినకు కూడా తెలియదు. అయినా ఆ ప్రార్థన ప్రభువు విన్నాడు, మీదీ వింటాడు. ఆమేన్.