తీగ దాటని చోటు

మా వదిన సోమవారం పొద్దున హైదరాబాదు కార్వాన్‌లో తన ఇంట్లోనే పోయింది. గుండె హఠాత్తుగా ఆగిందని వచ్చినవాళ్ళంతా అంటున్నారు. హఠాత్తేమిటి? ఆ గుండె ఏడాదిగా చెబుతూనే ఉంది.

మగవాడు ఛాతీ పట్టుకుంటే ఆటో పిలుస్తాం. ఆడమనిషి పట్టుకుంటే సోడా తెప్పిస్తాం. మా అమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. అన్న తన ఇత్తడి సామాన్ల దుకాణం నుంచి నిమ్మకాయ సోడా పంపేవాడు. గల్లీ డాక్టరు "ఈ వయసులో ఆడవాళ్ళకు మామూలే" అన్నాడు. ఏది మామూలు? మేడ ఎక్కలేక సగం మెట్ల మీద కూలబడి, ఎవరికీ తెలియకూడదని ఒళ్ళో చాట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలవడమా?

పత్రికల్లో నా వ్యాసాలు చదివి వదిన నవ్వేది. "ఏమయ్యా మరిదీ, గవర్నమెంటు మీద మస్తు లొల్లి చేస్తవు గద, మీ అన్న మీద గూడ ఒక్కటి రాయరాదు?"

చివరికి పెద్దాసుపత్రిలో చూస్తే గుండె రక్తనాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయి ఉంది. తొడలోంచి సన్నని గొట్టం పంపి, అందులోంచి తీగను అడ్డు దాటిస్తే, వెనకే బుడగ పంపి దారి తెరవచ్చన్నాడు కోస్తా నుంచి వచ్చిన డాక్టరు. తీగ దాటాలి, అంతే.

మత్తు తొడకే. ఆమె మెలకువగానే ఉంది. పక్కగదిలో కూర్చున్న అన్నకూ నాకూ మైకులోంచి వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"డాక్టర్ సాబ్, తొవ్వ దొరికిందా?"

"లేదమ్మా, రాయిలా ఉంది."

"మా గల్లీల రిక్షా ఇరికితే గిట్లనే. జర ఎన్కకు తీసి మల్ల దూర్చుండ్రి."

లోపల అందరూ నవ్వారు. డాక్టరు వెనక్కి తీసి, కొన తిప్పి మళ్ళీ తోశాడు. తీగ వంగింది తప్ప దాటలేదు. ఇంకా తోస్తే నాళం చిరుగుతుందని ఆపేసి, మా గదిలోకి వచ్చాడు.

"కొత్తగా మూసుకుంటే మెత్తగా ఉంటుందండీ, తీగ పోయేది. ఇది నెలల తరబడి గట్టిపడింది. ముందే ఎందుకు తీసుకురాలేదు?"

 

ఛాతీ కోసే ఆపరేషన్‌కు మద్రాసు వెళ్ళాలన్నారు. అక్కడి నుంచి పిలుపు రాకముందే ఆమె వెళ్ళిపోయింది. రేపు ఇంకా సన్నని తీగలు వస్తాయి, రానీ. ఆడమనిషి నొప్పి అంటే నమ్మడానికి మనకు ఏ మిషను కావాలి?

తీగ దాటని ఆ రోజే డాక్టరు మాకు చిన్న తెర మీద ఫిల్ము తిప్పి చూపించాడు. మూసుకున్న నాళం నల్లని గీతలా సాగి ఒకచోట తెగిపోయింది. పక్క నాళం నుంచి వెంట్రుకలంత సన్నని గీతలు చుట్టూ తిరిగొచ్చి దాని అవతలికి చేరుతున్నాయి. "ఇన్నాళ్ళూ ఆమెను నడిపించినవి ఇవేనండీ" అన్నాడు.

అన్న ముందుకు వంగి, గీత తెగిన చోట వేలు ఆనించాడు. డాక్టరు ఫిల్ము తీసేశాడు. తెర తెల్లబడింది. అన్న వేలు అక్కడే ఉంది.