నర్సి చెట్టు

మా చిన్నప్పుడు... నైజాం కాలం ఆఖరి రోజుల్లో... నల్గొండ వైపు మా పల్లెలో ఎవరూ ఎరగని చెట్టొకటి మొలిచింది. ఊరవతల సర్కారు బంగ్లాకు కంచెగా ఎవరో దొర నాటించాడట. పిగిలిపిట్టలు దాని నల్లటి పండ్లు తిని చేల గట్ల మీద రెట్టలు వేస్తే, కొన్నేళ్లకు ఎక్కడ చూసినా అదే. ఎరుపు, పసుపు కలిసిన పూలగుత్తులు... ఆకు నలిపితే ఘాటు వాసన. మేకలు కూడా మూతి తిప్పుకునేవి.

మా అవ్వకు తెలియని చెట్టు లేదు. దీని పేరడిగితే మాత్రం, "ఏమో బిడ్డా, మన దిక్కు చెట్టు గాదు. ఏమని పిలుస్తం?" అనేది.

కూలికి పోయే ఇండ్లు మావి. పొద్దంతా పిల్లలం కంపల వెంటే... పరికి పండ్లు, బలుసు పండ్లు, రేగుపండ్లు. మాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే... పిట్ట తిన్నది మనిషి తినొచ్చు. పెద్దలు నేర్పిందే అది. కరువులో కడుపు నింపిందీ అదే.

ఆ రోజు నల్లటి పండ్లన్నీ పిట్టలు ముందే తినేశాయి. పచ్చికాయలే మిగిలాయి. మా చెల్లె నర్సి... యాదగిరిగుట్ట స్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్ల... ఆకలికి ఆగలేక వాటినే గుప్పెడు నమిలింది.

"చేదున్నయే అక్కా!" అని నవ్వింది కూడా.

పొద్దు వాలేసరికి వాంతులు. కండ్లు తేలేసింది. పిలిస్తే పలకదు. చేతులు చల్లబడుతున్నాయి. బాపు దాన్ని భుజాన వేసుకుని పక్క ఊరి వైద్యుడి దగ్గరికి ఉరికాడు. వెనక నేను... ఆ చెట్టు కొమ్మ పట్టుకుని.

వైద్యుడు కొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఏం చెట్టు గిది? పేరేంది?" అన్నాడు.

"తెల్వదయ్యా... జర బిడ్డను చూడుండ్రి" అని బాపు చేతులు జోడించాడు.

"తెలిస్తేగదా విరుగుడిచ్చేది!"

ఆయన గొంతులో కూడా భయమే. అది విన్నాక నాకు ఏడుపు కూడా రాలేదు. ఉప్పునీళ్లు పట్టారు... మింగలేకపోయింది. బాపు మళ్లీ భుజాన వేసుకునే ఇంటికి తెచ్చాడు... ఊపిరి లేని నర్సిని.

ఆ తర్వాత ఆ చెట్టుకు పేరొచ్చింది. ఎవరు పెట్టారో తెలియదు. "నర్సి చెట్టురా అది, ముట్టకుండ్రి!" అని తల్లులు పిల్లలను అదిలించేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మా అమ్మ చేతిలో పని ఆగిపోయేది. తను మాత్రం ఆ పేరు ఎత్తేది కాదు.

ఒకనాడు చేలో ఎవరి పిల్లాడో ఆ కాయలు కోస్తున్నాడు. అమ్మ కొడవలి పారేసి పరుగెత్తింది. "ఒద్దు కొడుకా! నర్సి చెట్టది!" అని అరిచి, వాడి చెయ్యి విదిలించి, గట్టు మీద కూలబడి ఏడ్చింది.

మొన్న నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు పక్క నర్సరీలో అదే చెట్టు... కుండీలో, ముద్దుగా. మా మునిమనవరాలు పూలకని చెయ్యి చాపింది. గబుక్కున లాగేశాను. అమ్మేటాయన నన్ను చూసి నవ్వి, ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు.

ఇప్పటి పిల్లలు ఆకలికి కంపల వెంట తిరగడం లేదు... ఆ రోజులు పోవడమే మంచిది. నా భయం మాత్రం పోలేదు. మీ ఊళ్లో ఈ చెట్టును ఏమంటారో చెప్పండి... మా ఊళ్లో దానిది నా చెల్లె పేరు.